తీర్థమును పందెమును

ధనుర్మాసము ముగియవచ్చినదనగా పాలకొల్లు రైలుస్టేషనులో దిగువారి సంఖ్య హెచ్చును. హైదరాబాదునుండి, బెంగుళూరునుండి, సముద్రముల కావలి దేశములనుండి సంక్రాంతికి సొంత ఊళ్లకు చేరుకొనువారు వీరు. పెట్టెలు ఇంట దింపిన పిమ్మట వీరిలో పెక్కుమంది మొదట చేయు పని యొక్కటే. తొమ్మిది అంతస్తులతో 120 అడుగుల ఎత్తున నిలిచిన గోపురముక్రిందుగా లోని కేగి క్షీరారామలింగేశ్వరస్వామిని దర్శించుకొందురు. రెండవపని యేమనగా, కాలువగట్టువెంబడి భీమవరము వైపునకో, ఉండి వైపునకో బండి తోలించుకొని కోడిపందెముల బరి చూడబోవుట. ఆ మరునాడు కనుమ. పిల్లలను వెంటనిడుకొని కోనసీమలోని ప్రభలతీర్థమునకు పోవుదురు. అచట వారికి రంగులరాట్నము, జీళ్లు, ఖర్జూరములు. మూడు దినముల సెలవులో దేవుడును, ఆటయు, వేడుకయు ఇట్లు ఇమిడిపోవును.

ఇది చూచి నొచ్చుకొను పెద్దలు లేకపోలేదు. దేవుని సేవింపవచ్చినవారికి పందెముతో పనియేమని వారు ప్రశ్నింతురు. నేటి కాలమున భక్తి పలుచనై విలాసము చిక్కనైనదని వారి భావము. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. కాని దానికి సమాధానము చెప్పుటకు ముందు చరిత్రను కొంత తిరుగవేయవలసియున్నది. తీర్థమును పందెమును జతపడుట నేటిదేనా? లేక మన తాతముత్తాతలనాటిదేనా? నాటిదే యైనచో, నేడు మనలను నొప్పించునది ఆ జత కాక మరియొకటి యగునా? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ప్రసంగములో మా ఉద్దేశము.

ముందుగా ఒకమారు మన ఎల్లలు దాటి చూచివత్తము. ఇట్టి జంటయాత్ర యొకటి అమెరికాలోను కలదు. అచ్చట బేస్ బాల్ అను ఆట మిక్కిలి ప్రియమైనది. ఇది మన క్రికెట్టునకు దాయాదివంటిది. బంతి విసరువాడొకడు, కఱ్ఱతో కొట్టువాడొకడు. ఉత్తరరాష్ట్రములలో ఫిబ్రవరి మార్చి నెలలయందు మంచు కరుగదు. కావున జట్లు దక్షిణమున వెచ్చని తావులకు పోయి సాముచేయుట పూర్వమే మొదలైనది. 1886లో చికాగో జట్టు అర్కన్సాసు రాష్ట్రములోని హాట్ స్ప్రింగ్స్ అను వేడినీటి బుగ్గల ఊరికి పోయి చేసిన సాధనను ఈ ఆచారమునకు నాందిగా చెప్పుదురు. వారు దీనికి వసంతశిక్షణ యని పేరిడిరి. నేడు ముప్పది పెద్దజట్లలో సగము ఫ్లారిడాకును, సగము ఆరిజోనాకును చేరును. ఫ్లారిడాలో ఆడు జట్ల కూటమికి గ్రేప్‌ఫ్రూటు లీగని ముద్దుపేరు. గ్రేప్‌ఫ్రూటనగా మన పంపరపనసకు చుట్టమైన పండు. ఆ పేరునకు సరదాయైన కథ యొకటి చెప్పుదురు. 1915లో డేటోనా బీచిలో బ్రూక్లిను జట్టు నాయకుడు విల్బర్ట్ రాబిన్సన్ విమానమునుండి జారవిడిచిన బంతిని పట్టెదనని పంతముపట్టెనట. రూత్ లా అను వైమానికురాలు బంతికి బదులు ఆ పండును జారవిడిచెనట. పండు పగిలి రసము ఒడలెల్ల చిమ్మగా, అది తన నెత్తురే యనుకొని ఆయన గగ్గోలుపడెనట.

అదే ఫ్లారిడాలో, ఆర్లాండో చెంత, 1971 అక్టోబరు 1వ తేదీన వాల్ట్ డిస్నీ వరల్డ్ అను బ్రహ్మాండమైన విహారవాటిక తెరువబడినది. అటనుండి పడమటికి కొంతదూరమున నున్న లేక్‌లాండు పట్టణమున డిట్రాయిట్ టైగర్స్ జట్టు 1934నుండి, యుద్ధపు సంవత్సరములు తప్ప, వసంతశిక్షణ నెరపుచునే యున్నది. పిల్లలు వాటికలోని కోటలను, రాట్నములను చూడగోరుదురు. తండ్రులు ఆట చూడగోరుదురు. రెండు కోరికలు ఒక్క ప్రయాణమున తీరుటచే ఆ జంటయాత్ర కుటుంబముల ఆచారమైనది. తుదకు వాటికవారే తమ ఆవరణలో 1997లో క్రీడాప్రాంగణమును నిర్మించిరి. అట్లాంటా బ్రేవ్స్ జట్టు 1998నుండి 2019వరకు అందే వసంతశిక్షణ గడపినది. రాట్నమునకును ఆటకును ఒక్కటే ప్రహరి యైనదన్నమాట.

ఈ వసంతపు ఆటలలో ఒక విశేషము కలదు. వానిలోని జయాపజయములు అసలు పోటీల లెక్కలోనికి రావు. క్రొత్తవాడు తన చేతివాటమును చూపును. పాతవాడు శీతకాలపు బిగువును వదలించుకొనును. ప్రేక్షకుడు ఆటగానికి చేరువలో కూర్చుండి వాని అడుగును, చేతిని, చూపును పరిశీలించును. ఆట ముగిసినపిదప గెలుపు ఓటములను తలంచువారు అరుదు. పిల్లవాడు ఆటగానిచేత బంతిపై చేవ్రాలు చేయించుకొని తిరిగివచ్చును. పనికి ముందరి ఈ తీరికను చూచుటకే వేలకొలది ప్రజలు దూరమునుండి వత్తురు. ఈ మాటను శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము. దీనితో మనకు మరల పనిబడును.

ఇక మన ఇంటికి వత్తము. ప్రయాణమును పందెమును జతకూడుట మన సాహిత్యమున మిక్కిలి ప్రాచీనము. దండి మహాకవి రచించిన దశకుమారచరితమున ప్రమతి యను కుమారుడు శ్రావస్తికి పోవుచు, త్రోవలో ఒక వర్తకుల పేటయందు కోడిపందెము జరుగుచుండగా నిలిచిపోవును. కొబ్బరిజాతి కోడిపైకి కొంగజాతి కోడిని వదలిరని గమనించి తనలో తాను నవ్వుకొనును. ఆ నవ్వు చూచి ప్రక్కనున్న వృద్ధబ్రాహ్మణుడు కారణమడుగును. ఆ పలకరింపే స్నేహమై, కడపట ప్రమతి పెండ్లికి తోడ్పడును. బాటసారి పందెమువద్ద పొందిన లాభము ధనము కాదు, ఒక మిత్రుడు. ఈ కావ్యమును పదమూడవ శతాబ్దమున కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చెను. కావున తెలుగు పాఠకులకు ఈ కోళ్లు ఏడువందల యేండ్లకు పైబడిన పరిచయస్థులు.

క్రీడాభిరామమునందు ఈ సంగతి మరింత స్పష్టము. గోవిందమంచనశర్మయు, టిట్టిభసెట్టియు అను ఇద్దరు మిత్రులు ఓరుగల్లు నగరమున ఒక్కదినము తిరుగుదురు. గుళ్లు చూతురు, దేవతలకు మ్రొక్కుదురు. భోజనము చేయుదురు. పాములవాని ఆట, పొట్టేళ్ల తాకు, కోళ్ల పోరు చూతురు. నాటి ఓరుగల్లు వారికి దేవాలయమును, అంగడియు, విహారవాటికయు, క్రీడారంగమును తానేయైనది. ఈ గ్రంథమును వినుకొండ వల్లభరాయని పేర చెప్పుదురు. శ్రీనాథుని కృతియే యని వాదించిన పండితులును కలరు.

శ్రీనాథుని పేరు వచ్చినది గనుక మరియొక మాట. గోదావరిమండలపు శివక్షేత్రమగు దాక్షారామ మహిమను భీమేశ్వరపురాణమున కీర్తించినవాడు ఆయనయే. పల్నాటివీరచరిత్రను ఆయనకే ఆపాదింతురు. మొదటిది తీర్థమును గూర్చిన కావ్యము. రెండవదానియందు కథను మలుపుత్రిప్పునది కోడిపందెము. ఒక్క కవి పేరుతోనే ఈ రెండును తెలుగువారి నాలుకపై నిలిచినవి. అయితే రెండవదానిలోని పందెము ప్రమతి చూచినట్టి పందెము కాదు. అందు ఒడ్డినది రాజ్యము. ఓడినవారు ఏడేండ్లు నాడు విడువవలెనని ఒడంబడిక. బ్రహ్మనాయుని పక్షము ఓడినది; మలిదేవాదులు వలసపోయిరి. కడకు కారెంపూడి రణరంగమున అన్నదమ్ముల సంతతి నేలకూలినది. కోడి చేసిన కీడు ఇందేమియు లేదు. దాని కాలిమీద రాజ్యమును ఒడ్డినవారి బుద్ధి చేసిన కీడు అది. దీనిని మన పూర్వులు గ్రహించియే కథగా చెప్పుకొనిరి.

ఇపుడు డెల్టాకు వత్తము. 1833 నాటి కరువు ఈ సీమను ఎండగట్టినది. పిదప కాటన్ దొర 1847లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పని ప్రారంభించి 1852లో ముగించెను. కాలువలు పొలమునకు నీటిని తెచ్చినవి. ఊరికి బాటనుగూడ తెచ్చినవి. రోడ్లు సరిగాలేని ఆ రోజులలో తీర్థప్రజ పడవలపైననే ప్రయాణించెడివారు. పడవకు త్రాడుకట్టి గట్టుమీద నడచుచు లాగువారు లాగుచుండగా, పడవలో వంట, పాట, పురాణము సాగుచుండెడివి. పాలకొల్లు ఇట్టి రాకపోకలకు అలవడిన ఊరు. పదునేడవ శతాబ్దమున డచ్చివారు బట్టల వర్తకమునకై ఇచ్చట స్థావరమేర్పరచుకొనిరి. 1824 నాటి సంధిని బట్టి అది 1825లో ఇంగ్లీషువారి వశమైనది. క్రొత్తముఖము చూచి బెదరుట ఈ ఊరికి తెలియదు.

డెల్టాలో తీర్థమను మాటకు ప్రత్యేకార్థము కలదు. నిఘంటువులో తీర్థమనగా పుణ్యజలము. గోదావరివాని నోట తీర్థమనగా దేవుని ఉత్సవమును, దానిచుట్టు పుట్టుకొనివచ్చు సంతయు, వేడుకయు కలిపి ఒక్కటి. మాఘమాసమున అంతర్వేదిలో లక్ష్మీనృసింహస్వామి కల్యాణము, భీష్మైకాదశినాడు రథము. పాలకొల్లువారు నరసాపురము చేరి, అట పంటెక్కి గోదావరిని దాటి సఖినేటిపల్లిమీదుగా పోవుదురు. రథమును లాగినచేతితోనే బూరలు కొందురు. సముద్రస్నానము చేసిన తడిబట్టలతోనే గరగనృత్యము చూతురు. ఈ రెండింటికి నడుమ గీత గీచి, ఇది భక్తి, ఇది వేడుక యని విడదీసినవారు పల్లెలో లేరు. సార్వా పంట ఇల్లు చేరినపిదప దేహమునకు తీరిక, దేవునికి మ్రొక్కు, పిల్లలకు ఆట. ఏడాదికి ఒకమారు దొరకు ప్రయాణమున ఇవన్నియు తీరవలసినదే. కార్తికమాసమున నేడు ప్రభుత్వపు బస్సులు అమరావతి, భీమవరము, పాలకొల్లు, ద్రాక్షారామము, సామర్లకోటలను ఒక్కదినమున చూపుచున్నవి. పూర్వము పడవలో వారములు పట్టిన యాత్ర యది. వేగము మారినది, ఒక్క ప్రయాణమున పలుపనులు తీర్చుకొను స్వభావము మారలేదు.

ఈ తీర్థములలో కనుమనాడు జరుగు జగ్గన్నతోట ప్రభలతీర్థమును మేము ప్రత్యేకముగ చెప్పదలచితిమి. పాలకొల్లునుండి చించినాడ వంతెనమీదుగా వసిష్ఠగోదావరిని దాటి, రాజోలు మీదుగా అంబాజీపేట ప్రాంతమునకు పోవలెను. వంతెన లేని రోజులలో రేవు దాటి పోయెడివారు. జగ్గన్నతోటలో గుడి లేదు, గోపురము లేదు. ఉన్నది కొబ్బరితోట. ఆనాడు చుట్టుప్రక్కల పదునొకండు గ్రామముల శివులు, ఏకాదశరుద్రులు, ఆ తోటలో సమావేశమగుదురు. వెదురుబద్దలతో అర్ధచంద్రాకారముగ కట్టి, రంగుబట్టలతోను పూలతోను అలంకరించిన ప్రభలపై స్వామిని నిలిపి జనులు భుజములపై మోసికొనివత్తురు. దారిలో పచ్చని వరిచేలు. ప్రభ చేనికడ్డముగా వచ్చినను రైతు కాదనడు. స్వామి త్రొక్కిన మడి మేలుపంట పండునని వాని నమ్మకము. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలు కౌశిక కాలువలో దిగి దాటవలెను. మోయువారు మొలలోతునకు మునుగుదురు. "అశ్శరభ శరభ" యను కేకతో ప్రభ ఒరగకుండ ఆవలిగట్టు ఎక్కును. 2023వ సంవత్సరపు గణతంత్రదినోత్సవమున ఢిల్లీలో ఆంధ్రప్రదేశపు శకటముగ ఈ ప్రభలతీర్థమే ఊరేగినది.

ఆ తోటలో ఒకయేడు మేము శబ్దగ్రహణయంత్రముతో నిలిచియుంటిమి. ప్రభలను చూచినవానికెల్ల స్పర్ధ కనబడుచునే యుండును. మాది పొడవని యొక ఊరు, మాది అందమని యొక ఊరు. పదిమంది మోయుదానిని తాము గునగున నడిపించితిమని మరియొక ఊరు. కాలువదాటి వచ్చి ఒడలెల్ల తడిసిన ఒక రైతును మేము అడిగితిమి, ఈ యేడు గెలిచినది ఏ ఊరి ప్రభ యని.

ఆయన తలపాగతో ముఖము తుడుచుకొని నవ్వెను. "గెలవడమేంటండీ బాబూ! ఆయ్, అందరూ రుద్రులేనండి. ఎవరు ఎవర్ని ఓడిస్తారండీ?" అనెను.

ఆ మాట మాకు ఇప్పటికిని మరపునకు రాలేదు. పదునొకండు గ్రామములు ఏడాదికొకమారు తమ బలమును, నేర్పును, అందమును ఎదురెదురుగ నిలుపుకొనును. పోటీ యున్నది, ఓటమి లేదు. సాయంకాలము ఏ ప్రభ దారిని ఆ ప్రభ ఇల్లు చేరును. మరుసటి యేటికి మరింత చక్కగ కట్టవలెనను తలంపు మాత్రము మిగులును. అమెరికావాడు వసంతపు ఆటలో చూడబోవునది ఇట్టిదే కాదా? లెక్కకురాని పోటీని చూచుటలో ఒక ప్రశాంతత కలదు. దానిని మనవారు తోటలో ఎప్పుడో కనుగొనిరి.

ఇక కోడిపందెము. దీనిని దాటవేయుట నిజాయితీ కాదు. డెల్టా సంక్రాంతియందు దీని ఆకర్షణ ఎంతటిదో ఎల్లరకు తెలిసినదే. పండుగనాళ్లలో భీమవరపు హోటళ్లలో గది దొరకుట దుర్లభము. ఈ విద్య వెనుక ఒక పరిశీలన యున్నది. డేగ, కాకి, నెమలి, సేతువ యని రంగునుబట్టి జాతులు విభజించిరి. ఏ దినమున, ఏ నక్షత్రమున, ఏ దిక్కునుండి ఏ రంగు కోడిని వదలవలెనో చెప్పు కుక్కుటశాస్త్రమును తయారుచేసిరి. కోడిని నెలలతరబడి మేపి, ఈదించి, ఒడలు పట్టి పెంచువాని శ్రద్ధ చిన్నది కాదు. కత్తి కట్టక వదలు పందెమునకు డింకీ పందెమని పేరు. అందు రెండు పుంజులు తమ కాళ్ల బలముతోనే తలపడును. ఒకటి వెనుదిరిగినంతనే ఆట ముగియును.

కత్తి కట్టిన పందెము తీరు వేరు. మూడు నిమిషములు గడవకమునుపే ఒక ప్రాణము ఇసుకలో పడియుండును. నెలల సాధనలో ఒక్క అడుగైన చూచుటకు ప్రేక్షకునికి వ్యవధి యుండదు. అతని కన్ను కోడిమీద నుండదు. చేతిలోని నోట్లకట్టమీద నుండును. బరిచుట్టు గుండాటయు పేకాటయు డేరాలు వేయును. సార్వా ధాన్యమమ్మిన సొమ్ము సంక్రాంతి మూడునాళ్లలో కరగి, దాళ్వా ఎరువునకు అప్పుచేసిన ఇండ్లు ఈ సీమలో లేవని ఎవరనగలరు? పండుగకు పుట్టినింటికి వచ్చిన ఆడుపడుచు కనుమనాడు మెడలోని గొలుసు లేక తిరిగిపోయిన కథలు అరుగులమీద గొంతు తగ్గించి చెప్పుకొందురు. పల్నాటివారు రాజ్యమును ఒడ్డిరి; వీరు ఎకరమును ఒడ్డుచున్నారు. ఒడ్డిన వస్తువు చిన్నదైనను ఒడ్డువాని గతి యదే.

1960లో వచ్చిన జంతుహింసానివారణచట్టము జంతువులను పోరుకు పురికొల్పుటను నేరముగ చెప్పినది. 1974లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ జూదచట్టము పందెపుసొమ్మును అరికట్టబూనినది. 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉన్నతన్యాయస్థానము కోడిపందెములను ఆపవలసినదని అధికారులను ఆదేశించినది. అయినను ప్రతి సంక్రాంతికి బరులు లేచుచునే యున్నవి. చట్టము ఒకవైపు, ఆచారమను మాట ఒకవైపు నిలిచి వాదులాడుచున్నవి. ఆచారమను మాట చెప్పువారిని మేము ఒక ప్రశ్న అడుగదలచితిమి. ఏ ఆచారము? నిలిచి చూచి, నవ్వి, స్నేహితుని సంపాదించుకొని పోయిన ప్రమతి ఆచారమా? పందెమున నాడు కోల్పోయిన మలిదేవుల ఆచారమా? రెండును మన గ్రంథములలోనివే. ఒకటి వేడుకగా చెప్పబడినది. రెండవది హెచ్చరికగా చెప్పబడినది. హెచ్చరికను ఆచారమని భ్రమించుట చరిత్రను తలక్రిందుగ చదువుట.

పల్నాటివారు ఈ తేడాను ఎట్లు గుర్తించిరో చూడుడు. కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలుకొని అయిదుదినములు వీరుల ఉత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ అయిదుదినములకు పేర్లు. కోడిపోరునాడు నాటి పందెమును సంకేతముగ మరల నడిపింతురు. గెలుపెవరిదో, దాని ఫలమేమో అందరకును ముందే తెలియును. ఏ పందెమువలన తమ పెద్దలు నశించిరో ఆ పందెమునే తీర్థముగ మార్చుకొని, సొమ్ము ఒడ్డక, కన్నీరు ఒడ్డి చూచెడి ప్రజలు వారు. ఇంతకంటె గొప్ప చరిత్రపాఠము మాకు తెలియదు.

ఇపుడు మొదట వేసికొన్న ప్రశ్నలకు సమాధానము చెప్పవచ్చును. తీర్థమును పందెమును జతపడుట నేటి వికారము కాదు. తెలుగువాని ప్రయాణమంత పాతది. దేవుని చూచినకన్నే ఆటను చూచుటలో తప్పులేదు. పనికి ముందర, పంటకు పిదప, మనిషి తోటివారి నేర్పును తీరికగా చూచి ఆనందించుట అన్ని దేశములందు కలదు. మనలను నొప్పించునది ఆ జతలో చొరబడిన మూడవది. కత్తియు, దాని వెంటవచ్చు సొమ్మును. అది చొరబడినచోట చూచుట యను పని నశించును. ఆటయు నశించును. దేవునివద్ద కోరుకొనునది సైతము మారును; పాడిపంటలకు బదులు డేగ గెలుపును కోరుకొందురు.

కత్తి విప్పిన పండుగ చప్పనగునని భయపడువారు కనుమనాడు జగ్గన్నతోటకు పోయి చూడవలెను. అచట కత్తి లేదు, ఒడ్డు లేదు. కాలుపెట్ట చోటును లేదు. ఎడ్లపందెము, పడవపందెము, చెడుగుడు, ముగ్గులపోటీ యని మన ఊళ్లలో చూడదగిన ఆటలు కొల్లలు. వానికి బరికి దొరకినంత ఆదరము దొరకినచో అవియు అంత దూరపు జనమును రప్పింపగలవు.

కనుమ మరునాడు పాలకొల్లు స్టేషనులో మరల గుంపు కనబడును. అరిసెల డబ్బాలు, కొబ్బరిబొండములు, నిద్రముఖపు పిల్లలు. ఈ మూడునాళ్లలో ఏమి చూచితివని ఏ పిల్లవానినైన అడిగిన, వాడు చేతులు రెండును తలపైకెత్తి ప్రభ ఎంత పొడవో చూపును. అది కాలువలో ఒరిగి మరల ఎట్లు నిలిచినదో తన ఒడలు వంచి చూపును. వాని తండ్రి జేబులో తిరుగుప్రయాణపు సొమ్ము నిండుగ మిగిలియున్నచో, ఆ ఇంటివారి తీర్థము సఫలమైనదని మేమెంతుము.